పచ్చబాణం బాట మీద దండయాత్ర

కుర్చీలలో సుఖాసీనులైన సమస్త శ్రోతలారా, వినుడు! కాళ్ళు బారచాపుకుని మరీ వినుడు. ఎందుకనగా ఈ కథ యావత్తూ కాళ్ళ మీదనే నడుస్తుంది, ఆ కాళ్ళు మీవి కాకపోవడం మీ అదృష్టం.

ముందుగా నిన్నే తలచెదను, ఓ దారపుండా! కార్యాలయసొరుగుకుహరవాసినీ, జీర్ణపత్రబంధనచతురా, గుమాస్తాకరాంగుళీవేష్టితా, తులం బరువైనా లేకుండానే మహాపర్వతాలను కూర్చున్న చోటి నుంచే కొలిచి పారవేసిన తల్లీ! ఈ కథ ముగిసేదాకా నా నాలుక మీద చిక్కుపడకుండా నిలువుము. తరువాత నీ ఇష్టం.

అది శరత్కాలపు ఆదివారం. నిర్మలనీలాంబరవీథిలో ఉదయభానుడు ఎవరి వర్గీకరణ ధ్రువపత్రమూ చేత లేకుండానే తూరుపుకొండను సునాయాసంగా అధిరోహించి, ఉభయపార్శ్వగగనచుంబిగిరిశ్రేణీమధ్యగతమై, అనవరతజలఘోషముఖరితమై, పాచిపట్టిన బండల నడుమ పరుగులు తీసే ఏటితో అలరారే ఒక లోయలోకి తొంగిచూచి, అక్కడ బస్సులు వెనక్కి తిరిగే మట్టిమైదానంలో, టీ దుకాణానికీ మరుగుదొడ్లకూ సరిగ్గా నడుమ, చెక్కచట్రంలో బిగించి నిలిపిన ఒక ఇనుప బోర్డు మీద తన మొదటి కిరణం వేశాడు. ఆ బోర్డు మీద ఇట్లా రాసి ఉంది:

పచ్చ బాణం: సులభం. ఎవరైనా నడవవచ్చు.
నీలం బాణం: మధ్యస్థం. కొంత అలవాటు ఉన్నవారికి.
ఎర్ర బాణం: కఠినం. ఆరితేరినవారికి మాత్రమే.

మూడు బాణాలూ పోయేది ఒక్క చోటికే. లోయ కొసన రెండు వాగులు కలిసి ఏరయ్యే చోట, కమ్మీలు కట్టిన ఒక రాతి అరుగుకు. బోర్డు కింద కుడిమూలన, వర్షానికి చెరగని సిరాతో, ఒక సంతకం.

ఆ సంతకం గల మహానుభావుడే మన కథానాయకుడు. దారుల వర్గీకరణ విభాగపు పర్యవేక్షకుడు, ఏకవింశతివర్షాలంకృతభ్రమణపీఠుడు, రబ్బరుముద్రాప్రహారనిపుణుడు, ఎదుట 'సార్' అనీ వీపు వెనుక 'దారం సార్' అనీ పిలిపించుకునే ధీరుడు. పర్వతప్రాంతంలో ప్రతి కాలిబాటా ఎవరు నడవదగినదో నిర్ణయించేది ఆయనే. ఆయన మాత్రం ఇంటి నుంచి బస్సు దాకా, బస్సు నుంచి లిఫ్టు దాకా తప్ప నడిచి ఎరగడు.

మరి ఎట్లా నిర్ణయించేవాడు? అదీ చెబుతాను. మూడో అంతస్తులో, ఆయన బల్ల అద్దం కింద, లోయ పటం పరచి ఉంటుంది. ఫైళ్ళు కట్టే తెల్లదారం ఒకటి తీసి, నాలుకతో తడిపి, పటంలోని గీత వెంబడి ఒద్దికగా పేర్చి, తెంపి, జానతో కొలుస్తాడు. దారం పొట్టిదైతే సులభం. పొడుగుదైతే కఠినం. నడుమన తేలితే మధ్యస్థం. ఆ పటం బల్లపరుపుగా ఉంటుంది, కొండ అట్లా ఉండదు. ఈ చిన్న తేడాను గమనించడానికి ఇరవై ఒక్క ఏళ్ళలో ఆయనకు తీరిక దొరకలేదు.

లోయలో బాటలను కాపలా కాసే గార్డమ్మ మాత్రం గమనించింది. గమనించి ఆరేళ్ళలో పద్నాలుగు ఉత్తరాలు రాసింది. పద్నాలుగింటికీ ఒకే జవాబు వచ్చింది: 'పరిశీలించబడినది.' చతుర్దశలేఖాస్త్రప్రహారాచంచలహృదయుడు అనే బిరుదు మన నాయకుడికి నేనిప్పుడే ఇస్తున్నాను, పుచ్చుకోమనండి.

ఇక ఆ ఆదివారం ఆయన కొండకు రావలసిన అగత్యం ఎట్లా కలిగిందంటే, అది అత్తగారి మోకాలి వల్ల. డెబ్బై ఒకటో ఏట ఆవిడ మోకాలికి శస్త్రచికిత్స జరిగింది. ఏడు నెలలు మంచానికీ, మంచం దగ్గరి గోడకూ అంకితమైపోయింది. ఆ గోడ మీద అల్లుడు ఆఫీసు నుంచి తెచ్చి అంటించిన రంగుల కాగితం ఒకటి ఉంది: రెండు వాగులు కలిసే చోటు బొమ్మ. ఒకటి పచ్చగా, ఒకటి బూడిదరంగుగా వచ్చి, కాసేపు కలవకుండా పక్కపక్కనే నడిచి, తరువాత ఒకటైపోతాయి. లేచి నడిస్తే మొదట అక్కడికే నడుస్తానని ఆవిడ ఒట్టేసుకుంది. డాక్టరు తేలిక దారైతే వెళ్ళమన్నాడు.

"ఆ దారి సులభమేనా బాబూ?" అని అల్లుణ్ణి అడిగింది.

"నేనే రాశానండీ అత్తయ్యగారూ," అన్నాడాయన.

ఆ ఒక్క మాట పట్టుకుని ఆవిడ రెండు నెలలపాటు భోజనాల బల్ల చుట్టూ ప్రదక్షిణలు చేసింది. మొదట ఆరు, తరువాత అరవై. పాలవాడితో, పక్కింటావిడతో, ఫోను బాగుచేసే మనిషితో కూడా చెప్పింది: ఏ కొండ ఎవరు ఎక్కాలో మా అల్లుడుగారు చెబుతారండీ అని. శ్రోతలారా, ఈ కథలో నిజంగా పణంగా పెట్టినది ఇదొక్కటే, ఆ ముసలావిడ నమ్మకం. మిగిలినదంతా చెమటే.

ఇప్పుడు ఆయుధధారణ వర్ణించెదను. సూత్రపాణియైన మన నాయకుడు బ్రాహ్మీముహూర్తాన లేచి, మెడ వెనుక రెక్క వేలాడే టోపీని కిరీటంగా ధరించి, ఎనిమిది జేబుల చొక్కాను కవచంగా తొడిగి, ధర చీటీ ఇంకా వేలాడుతున్న కొత్త బూట్లలో పాదపద్మములను ఇరికించి, మడతపెట్టే ఊతకర్రలు రెండు, ఈల ఒకటి, గాయాల పట్టీలు డజను, దిక్సూచి ఒకటి యథాస్థానముల నిలిపి, చివరికి, ఎందుకో ఆయనకే తెలియదు, తన దారపుండను పంట్లాం ఎడమ జేబులో వేసుకున్నాడు. ఇల్లాలు ఒక సంచీలో నీళ్ళ సీసా, బిస్కెట్లు వేసుకుని రెండు నిమిషాల్లో తయారైంది. అత్తగారు మోకాలి పట్టీ బిగించి, చేతికర్ర పట్టుకుని అరగంట ముందు నుంచీ గుమ్మంలో నిలబడి ఉంది.

వెంట బావమరిది. వ్యాయామయంత్రాలు అమ్మే వ్యాపారి. కండలు తిరిగినవాడు, తిరిగిన కండలను అద్దంలో చూసుకునేవాడు. బోర్డు ముందు నిలబడగానే మూడో వరుస చదివి ముఖం వెలిగించుకున్నాడు.

"బావగారూ, మీరు అమ్మనీ అక్కనీ తీసుకుని ఆ ముసలాళ్ళ దారిలో రండి. నేను ఎర్రబాణం పట్టుకుంటా. పైన కలుద్దాం, అంటే నేను ప్రాణాలతో మిగిలితే," అన్నాడు. అని, తొడ ఒకటి చరిచి, ఎర్రబాణం వైపు అదృశ్యమైపోయాడు.

అప్పుడు టీ దుకాణం బల్ల మీద నుంచి లేచి, గ్లాసు చేత్తోనే వచ్చింది గార్డమ్మ. ఏభై ఏళ్ళ మనిషి, మెడలో ఈల, కాళ్ళకు అరిగిపోయిన రబ్బరు చెప్పులు.

"పెద్దమ్మగారూ, మోకాలికి కట్టుంది కదా, ఎటు పోతున్నారు?"

"పచ్చబాణం అమ్మా. సులభమట."

"బోర్డు చూసి మోసపోకండి. పచ్చది నిట్టనిలువు. ఆరువందల పన్నెండు మెట్లు. మీరు ఎర్రదే పట్టుకోండి, ఏటి ఒడ్డున చుట్టు తిరిగి పోతుంది. దూరమే కానీ ఎత్తు లేదు. మా మనవరాల్ని బండిలో పడుకోబెట్టి రోజూ తోసుకుపోతా."

"మరి అది కఠినం అని రాశారే?"

"రాసినవాడు ఈ కొండ మొహం చూస్తేగా! పటం మీద దారం పెట్టి కొలిచాట్ట. నిలువుగా పోయేది పొట్టిగా కనపడి సులభమైపోయింది. చుట్టు తిరిగేది పొడుగని కఠినమైపోయింది. చదువుకున్నవాళ్ళు కదా, ఏం చేస్తాం."

అత్తగారు నొచ్చుకుంది. నొచ్చుకుని, చేతికర్ర ఎత్తి గర్వంగా చూపించింది.

"అట్లా అనకమ్మా. రాసింది మా అల్లుడుగారే. ఇదిగో, ఈయనే."

గార్డమ్మ టోపీ రెక్క నుంచి బూటు చీటీ దాకా మెల్లగా చూసింది. "తమరేనా సార్! ఆ 'పరిశీలించబడినది' తమరేనా!" అంది. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

ఓరి మహానుభావా, అప్పుడే నోరు తెరిచి ఒక్క మాట అని ఉంటే ఈ కథ ఇక్కడే తేలిపోయేది, నాకూ గొంతు మిగిలేది! కానీ ఆయన హృదయకుహరంలో అహంకారకేసరి జూలు విదిల్చి లేచి ఇట్లు గర్జించెను: 'ఓసీ, తుచ్ఛపాదరక్షాధారిణీ! రాజముద్రాంకితమైన నా అక్షరమును ధిక్కరించుటకు నీవెవ్వతెవు? సముద్రములు ఇంకుగాక, పర్వతములు కుంగుగాక, ఒకసారి సంతకమైన ఫైలు తిరిగి తెరువబడునా?' నోటి నుంచి వెలువడింది మాత్రం వేరే.

"చూడమ్మా, దానికో పద్ధతుంది. దూరాన్ని బట్టే వర్గీకరణ. ఎవరికో ఆయాసం వచ్చిందని బోర్డులు మార్చుకుంటూ పోతే ఇంక ఆఫీసులెందుకు?"

"ఏమండీ, ఆవిడ రోజూ తిరిగే మనిషి. ఒక్కసారి వినొచ్చుగా," అంది ఇల్లాలు మెల్లగా.

"నేను రాసినదాని మీద నాకే నమ్మకం లేకపోతే ఎట్లా?"

"అవునే. అల్లుడుగారు చెప్పాక ఇంకా బేరమేమిటి? పదండి బాబూ," అంది అత్తగారు. గార్డమ్మ టీ తాగేసి, గ్లాసు దుకాణంలో పెట్టి, మెట్ల మొదట్లోనే ఒక రాయి చూసుకుని కూర్చుంది. ఎట్లాగూ అరగంటలో పిలుపొస్తుందని ఆమెకు తెలుసు.

ఆహా, ఇక రణరంగం! జానుదఘ్నశిలాసోపానపరంపరాభీకరమై, పాచిపట్టిన మెట్టు ఒకటి, పగిలిన మెట్టు ఒకటి, మెట్టు ఉండవలసిన చోట వట్టి వేరు ఒకటి చొప్పున వ్యూహం పన్ని, పైనున్నది కనబడకుండా కింది నుంచి ఆకాశం దాకా బారులు తీరిన శత్రుసేన! దాని ఎదుట మన సూత్రపాణి ఊతకర్రలు రెండూ నేలకు పొడిచి, ఇట్లు ప్రతిజ్ఞ చేశాడు: 'ఓ మెట్లారా! నేడు మిమ్ము నా పాదఘట్టనముచే చదును చేసి, సులభమన్న నా మాటను నిజము చేసెదను గాక!' మెట్లు వింటున్నాయని ఆయన అనుకున్నాడు.

మొదటి పది మెట్లు పారిపోయినట్టే పారిపోయాయి. పదిహేనో మెట్టు దగ్గర శ్వాస ఎదురు తిరిగింది. ఇరవై మూడో మెట్టు దగ్గర కొత్త బూటు కుడిమడమను కరిచింది. నలభయ్యో మెట్టు దగ్గర దోమ ఒకటి పక్షం మార్చి శత్రువులతో చేరింది. అరవయ్యో మెట్టుకు ఊతకర్ర ఒకటి తనంతట తానే మడతపడి, యుద్ధం నుంచి తప్పుకుంది. స్వేదబిందుసందోహసిక్తలలాటుడై, ఊర్ధ్వశ్వాసవిహ్వలుడై, తొంభయ్యో మెట్టు మీద నిలిచిన నాయకుడు దిగంతములు మారుమ్రోగునట్లు సింహనాదం చేయబోయి, దగ్గాడు.

"నీళ్ళున్నాయా?" అని అడిగాడు.

"ఇప్పుడే తాగేస్తే పైకి ఏం మిగులుతాయి? ఇంకా ఐదువందల ఇరవై రెండున్నాయి," అంది ఇల్లాలు. ఆమెకు లెక్కలు బాగా వచ్చు.

వెనుక టక్, టక్ అని చేతికర్ర చప్పుడు. మొదట ఆ చప్పుడు బల్ల చుట్టూ తిరిగినప్పటి లయలోనే ఉండింది. నూరో మెట్టు దాటాక రెండు చప్పుళ్ళ మధ్య ఎడం పెరిగింది. ఆయన విన్నాడు. విననట్టు ఎక్కాడు. ఇక్కడ నాకు ఆయన మీద కోపం వచ్చింది, దాచుకోను.

నూట నలభయ్యో మెట్టు దగ్గర, మలుపులో, ఒక చెక్క బెంచీ ఉంది. గార్డమ్మ స్వయంగా మోసుకొచ్చి వేసింది. దాని వీపు మీద మేకుతో గీకి రాసింది కూడా ఆమే: 'ఇక్కడి నుంచి వెనక్కి పోతే సిగ్గేం లేదు.' వీరవరుడు ఆ అక్షరాల మీదనే వీపు ఆనించి, తెగిన గాలిపటం మాదిరి వాలిపోయాడు.

బెంచీ ఎదుట చెట్ల సందు. ఆ సందులోంచి కింద ఏరూ, ఏటి ఒడ్డున ఇస్త్రీ చేసినట్టున్న ఒక వెడల్పాటి దారీ, ఆ దారిలో రాళ్ళకు పూసిన ఎర్రబాణాలూ కనిపించాయి. అటుగా ఒకాయన వార్తాపత్రిక చదువుకుంటూ నడుస్తున్నాడు, తల ఎత్తకుండా. ఒకావిడ పసిపిల్ల బండి తోసుకుంటూ పోతోంది. వాళ్ళ వెనుక మన బావమరిది, రెండు చేతులా రెండు కర్రలు, నుదుట పట్టీ, అడుగడుగుకూ చుట్టూ ప్రమాదాలను పరికిస్తూ, పులుల అడవిలో పోతున్నట్టు పోతున్నాడు. పసిపిల్ల బండి అతన్ని దాటిపోయింది.

ఆయన చూశాడు. నిటారు మెట్లు చూశాడు, బల్లపరుపు దారి చూశాడు. జేబులో దారపుండ తొడకు ఒత్తుకుంది.

అంతలో అత్తగారు వచ్చింది. ముఖం పాలిపోయి ఉంది. మోకాలి మీద అరచెయ్యి అదిమిపెట్టి, బెంచీ అంచున ఒక పక్కగా, ఎవరికో చెందిన చోట కూర్చున్నట్టు కూర్చుంది. తరువాత నవ్వింది.

"దారి సులభమే బాబూ. మీరు రాసింది ఎందుకు తప్పుతుంది? నా మోకాలే మొండికేస్తోంది. ఎవరైనా నడవవచ్చని ఉంది కదా... ఆ ఎవరైనాలో నేను లేనన్నమాట."

"అమ్మా, అట్లా అనకు," అంది కూతురు.

"ఉన్నమాటేగా. సులభమైనదే ఎక్కలేనిదాన్ని ఇంకెక్కడికి పోతాను? బల్ల చుట్టూ తిరగడమే నాకు రాసిపెట్టుంది. ఇంటికెళ్ళాక ఆ బొమ్మ తీసెయ్యవే గోడ మీది నుంచి."

శ్రోతలారా, కాస్త సర్దుకుని కూర్చోండి. అసలు యుద్ధం ఇప్పుడు. ఇంతదాకా జరిగింది కాళ్ళతో. ఒక వైపు, ఇరవై ఒక్క ఏళ్ళ సంతకాలు అక్షౌహిణులుగా బారులు తీరి, 'పరిశీలించబడినది' అనే జయధ్వజం ఎత్తి, రబ్బరుముద్రలను డాళ్ళుగా పట్టి, ఫైళ్ళను ఏనుగులుగా నడిపి నిలిచాయి. మరొక వైపు, ఎవరి తోడూ లేక, నిరాయుధమై, గొంతులో ఇరుక్కుపోయి, మూడే మూడు మాటల వాక్యం ఒకటి నిలిచింది. ఆ వాక్యం ముందుకు దూకింది, పళ్ళ కోట దగ్గర ఓడి వెనక్కి వచ్చింది. మళ్ళీ దూకింది, పెదవుల దాకా వచ్చి దగ్గుగా మారిపోయింది. ఆయన టోపీ తీశాడు. మళ్ళీ పెట్టుకున్నాడు. మళ్ళీ తీశాడు. కొండ ఎక్కేటప్పుడు కూడా అంత చెమట పట్టలేదు. ముసలావిడ లేచి వెనక్కి తిరగబోయి, మోకాలు పట్టుకుని "అమ్మా" అంది, ఎవరికీ వినబడకూడదన్నంత చిన్నగా. దానితో కోట తలుపులు బద్దలయ్యాయి.

"అత్తయ్యగారూ, ఇది సులభం కాదు."

"అంటే?"

"ఈ దారి. ఇది ఎవరికీ సులభం కాదు. బోర్డు తప్పు."

"మీరు రాసిందేగా బాబూ?"

"నేనే. చూడకుండా రాశాను. మీ మోకాలిది ఏమీ లేదు. నూట నలభై మెట్లు ఎక్కారు మీరు, నా పని చూడండి ఎట్లా ఉందో. ఆ కింద దారి ఉంది చూశారా, ఎర్రబాణం, అది సులభం. గార్డమ్మ చెప్పిందే నిజం. ఆవిడ ఆరేళ్ళ నుంచీ చెబుతోంది."

ఇల్లాలు నీళ్ళ సీసా మూత తీసి ఆయన చేతిలో పెట్టింది. "తాగండి. ఇరవై రెండేళ్ళ కాపురంలో మీ నోట ఈ మాట మొదటిసారి వింటున్నా. గొంతు ఎండిపోయి ఉంటుంది," అంది. ముసలావిడ అల్లుణ్ణి కొంచెంసేపు చూసింది. కోపగించుకుంటుందని ఆయన అనుకున్నాడు. ఆవిడ చెయ్యి చాపింది.

"అయితే ఆ బొమ్మ తియ్యొద్దులేవే. బాబూ, ముందు దిగండి. నేను మీ భుజాలు పట్టుకుంటా."

నూట నలభై మెట్లూ ఆయన ఒక మెట్టు ముందుగా, వెనక్కి చూసుకుంటూ, భుజాల మీద ఆవిడ రెండు చేతులూ మోస్తూ దిగాడు. కింద రాయి మీద గార్డమ్మ గడియారం చూసుకుంది. "ఏభై నిమిషాలు. నేననుకున్నదానికన్నా మొండివాళ్ళే," అని, పెద్దావిడకు చెయ్యందించి, టీ దుకాణం బల్ల మీద కూర్చోబెట్టి, మోకాలి పట్టీ విప్పి మళ్ళీ కట్టింది. టీ తాగి, బిస్కెట్లు తిని, గంటసేపు ఆగాక, నలుగురూ ఎర్రబాణం పట్టారు.

ఆ ప్రయాణం వర్ణించడానికి నా దగ్గర సమాసాలు లేవు, ఎందుకంటే అక్కడ యుద్ధమేమీ జరగలేదు. ఏరు పక్కనే గలగలమంటూ వచ్చింది. ముసలావిడ నలభై అడుగులకోసారి ఆగింది, ఆగినప్పుడల్లా కూర్చోవడానికి బండ దొరికింది. చేతికర్ర చప్పుడు బల్ల చుట్టూ తిరిగినప్పటి లయకు వచ్చింది. అల్లుడు కొత్త బూట్లు విప్పి మెడలో వేసుకుని, మేజోళ్ళతో నడిచాడు. గార్డమ్మతో ఆయన ఒక్కటే మాట అడిగాడు: పద్నాలుగో ఉత్తరంలో ఏం రాశారు అని. "చదవలేదా సార్?" అంది ఆమె. ఆయన తల వంచుకున్నాడు.

రాతి అరుగు మీద బావమరిది కమ్మీల మీద కాలు మోపి, ఛాతీ విరుచుకుని, ఎడమ చేత్తో తన ఫొటో తానే తీసుకుంటున్నాడు. ఎర్రబాణం దారి జయించిన ఫొటోలు అప్పటికే నలభై మంది కొనుగోలుదార్లకు పంపేశాడు. మలుపులోంచి టక్, టక్ అని చేతికర్ర చప్పుడు వినిపించింది. తిరిగి చూస్తే, ఆరితేరినవారికి మాత్రమే అన్న దారిలోంచి, డెబ్బై ఒకటేళ్ళ కన్నతల్లి.

"అమ్మా! నువ్వు... ఎర్రబాణంలో... ఎట్లా వచ్చావ్?"

"నడిచొచ్చాన్రా. ఎట్లా వస్తారు?"

అతని కాలు కమ్మీ మీద నుంచి దానంతట అదే దిగింది. ఆవిడ అతన్ని పక్కకు జరిపి, కమ్మీలు పట్టుకుని కిందికి చూసింది. ఒక వాగు పచ్చగా, ఒకటి బూడిదరంగుగా. చాలాసేపు చూసింది.

"బొమ్మలో కన్నా చిన్నగా ఉంది," అంది. తరువాత, "కానీ బొమ్మలో ఈ చప్పుడు లేదే," అంది, కళ్ళు తుడుచుకుంటూ. అల్లుడు కూడా అటు తిరిగి ఏదో తుడుచుకున్నాడు. చెమటే అని నాతో చెప్పాడు, నేను నమ్మలేదు.

తిరిగి వచ్చాక గార్డమ్మ గుడిసెలో, మేకుకు వేలాడుతున్న ఫిర్యాదుల పుస్తకం తీసి, ఆయన నిలబడే రాశాడు: పచ్చబాణం సులభం కాదు, ఎర్రబాణం కఠినం కాదు, వర్గీకరించినవాడు కొండను చూడలేదు. అది పదిహేనో ఉత్తరం.

"ఎవరికి పంపమంటారు సార్?"

"నాకే," అన్నాడు.

మంగళవారం ఉదయం ఆ ఉత్తరం నంబరు వేయించుకుని, మూడో అంతస్తుకు లిఫ్టులో వచ్చి, ఆయన బల్ల మీది అద్దం మీద వాలింది. ఆయన కలం తీశాడు. ఇరవై ఒక్క ఏళ్ళ అలవాటు చేతిని పట్టుకుని ఈడ్చుకుపోయింది: ప, రి... అక్కడ కలం ఆగింది. శ్రోతలారా, ఆగింది! ఆ రెండక్షరాలను కొట్టేసి, పక్కన 'నిజమే' అని రాసి, సంతకం చేసి, బోర్డు మార్చవలసిందిగా కోరుతూ పైఅధికారికి పంపాడు. పైఅధికారి శుక్రవారానికల్లా జవాబు పంపాడు: 'పరిశీలించబడినది.'

అందువల్ల బోర్డు మారలేదు. అది ఇవాళ్టికీ అదే మైదానంలో, అదే రంగుల్లో ఉంది. కానీ మరుసటి ఆదివారం మొదటి బస్సులో ఒకాయన దిగాడు, పాత చెప్పులతో. వెంట ఒక ముసలావిడ, చేతికర్రతో. గార్డమ్మ నాలుగు మేకులూ ఒక సుత్తీ ఇచ్చింది. ఆయన బోర్డు చెక్కచట్రానికి మేకులు కొట్టి, ఎడమ జేబులోంచి దారపుండ తీసి, 'సులభం' అన్న మాట దగ్గరి నుంచి ఎర్రబాణం దాకా ఒక పోగు లాగి కట్టాడు. 'కఠినం' అన్న మాట దగ్గరి నుంచి పచ్చబాణం దాకా మరొకటి. ముసలావిడ ముడులు గట్టిగా ఉన్నాయో లేదో వేలితో లాగి చూసింది. నీలంబాణం సంగతి ఆయన ఇంకా నడిచి చూడలేదు గనుక దాన్ని ముట్టుకోలేదు.

వానకు ఆ దారం నానుతుంది, ఎండకు తెగుతుంది. నెలకోసారి ఆయన వచ్చి కొత్తది కట్టి పోతాడు. వచ్చినప్పుడల్లా ఆవిడ ఎర్రబాణం దారిలో రాతి అరుగు దాకా నడిచి వస్తుంది, ఈమధ్య మూడు చోట్లే ఆగుతోందట.

కనుక ఘంటాపథంగా చాటుతున్నాను, దిక్కులారా వినుడు, దిగ్గజములారా చెవులు ఆడించుట ఆపుడు! సకలఫైలుమండలాధీశ్వరుడు, చతుర్దశలేఖాస్త్రప్రహారాచంచలహృదయుడు, నూట నలభయ్యో మెట్టు మీద స్వాహంకారసంహారకుడు అయిన దారం సార్ జయించాడు! జయించిన భూభాగం, ఆయన స్వయంగా అక్కడికి వెళ్ళి కొలిచిన ప్రకారం, బోర్డు మీద రెండు జానలు.